రెండు బొమ్మల పుస్తకాలు పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా

అయిదేళ్ల లోపు పిల్లల బొమ్మల పుస్తకంలో మాటలు చాలా తక్కువ. మొదటి నుంచి చివరిదాకా చదవడానికి పది నిమిషాలు కూడా పట్టదు. అయినా ఎక్కువమంది అట్ట చూసి, మధ్యలో రెండు పేజీలు తిప్పి, ధర చూసి తేల్చేస్తారు. అట్ట బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ లోపలి పదిహేడో పేజీ మీద పెట్టారా లేదా అన్నది అలా చూస్తే తెలియదు. పిల్లలేమో ఆ పదిహేడో పేజీని కూడా నెలల తరబడి రోజూ చూస్తారు. అందుకని రెండు మూడు పుస్తకాల మధ్య ఎంచుకోవాలంటే ఒక గంట కేటాయించి, వరసగా ఈ పనులు చేయండి. పిల్లలతో చేసే ఏడో మెట్టుకు మాత్రం వారం పైన పడుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి: పెన్సిలు, పేజీ మొత్తం కప్పేంత తెల్లకాగితాలు రెండు, స్కేలు, ఒక టేబుల్ లైటు, ఫోనులో స్టాప్‌వాచ్. ఇంకో పెద్దవాళ్లు పక్కన ఉంటే మరీ మంచిది. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

1. ఒకే పని చేసే పుస్తకాలనే పోల్చండి

బొమ్మల పుస్తకాలన్నీ ఒక జాతివి కావు. వస్తువుల పేర్లు చెప్పేవి కొన్ని. అంకెలు, అక్షరాలు, రంగులు, పెద్ద-చిన్న లాంటి భావాలు నేర్పేవి కొన్ని. కథలు, పాటలు, మాటల్లేకుండా బొమ్మలతోనే నడిచేవి, జంతువుల గురించో యంత్రాల గురించో సమాచారం ఇచ్చేవి మిగతావి. అంకెల పుస్తకాన్ని కథల పుస్తకంతో పోలిస్తే కథల పుస్తకమే బాగున్నట్టు అనిపిస్తుంది. దానివల్ల తేలేదేమీ లేదు. రెండు అంకెల పుస్తకాలనో, నిద్రకు ముందు చదివే రెండు కథలనో పక్కపక్కన పెట్టండి. విషయం కూడా ఒకటే అయితే (రెండూ వాన గురించి, రెండూ కొత్తగా పుట్టిన చెల్లి గురించి) తేడాలు ఇట్టే బయటపడతాయి. మూడుకు మించి ఒకేసారి పెట్టుకోవద్దు. నాలుగో పుస్తకానికి వచ్చేసరికి మొదటిదానిలో ఏముందో గుర్తుండదు.

వయసు ముందే రాసుకోండి. వెనకట్ట మీద అచ్చేసిన వయసును నమ్ముకుని కాకుండా, మీ పిల్లలు ఇప్పుడు చేస్తున్న పనులను బట్టి. నెలల పాపకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే సరిగా కనిపిస్తుంది. నలుపు-తెలుపు లాంటి గట్టి తేడాలు, మనుషుల ముఖాలు ఉన్న పేజీలు వాళ్లకు. ఆరేడు నెలలప్పుడు పుస్తకం నోట్లోకి వెళుతుంది. ఏడాది దాటాక గట్టి అట్ట పేజీలు తామే తిప్పుతారు, వేలు పెట్టి చూపిస్తారు. రెండేళ్లకు ఒక పేజీలో ఒక సంఘటన, మళ్లీ మళ్లీ వచ్చే ఒక పల్లవి లాంటి వాక్యం కావాలి. మూడు దాటితే ‘ఎందుకు’ మొదలవుతుంది కాబట్టి, ఒక పని వల్ల ఇంకో పని జరిగే కథ పనికొస్తుంది. నాలుగైదేళ్లకు మాట ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకోటి చూపించే చిలిపితనం కూడా పట్టుకుంటారు.

2. మాటలు కప్పేసి బొమ్మలు మాత్రమే చూడండి

తెరిచిన పుస్తకంలో ఎడమ, కుడి పేజీలను కలిపి జంటపేజీ అందాం. బొమ్మల పుస్తకాన్ని కొలవాల్సింది జంటపేజీతోనే, ఎందుకంటే పిల్లల కంటికి రెండూ కలిసే కనిపిస్తాయి. చాలా బొమ్మల పుస్తకాలు 32 పేజీలు ఉంటాయి. పెద్ద కాగితం మీద అచ్చేసి మడతపెడితే పేజీలు 8, 16 లెక్కన వస్తాయి, అందుకే 24, 32, 40 అంకెలు తరచు కనబడతాయి. పేరు పేజీ, హక్కుల పేజీ పోగా 32 పేజీల పుస్తకంలో కథకు మిగిలేవి 12 నుంచి 15 దాకా జంటపేజీలు. అన్నీ చూడండి.

కాగితంతో మాటలు కప్పి, మొదటి నుంచి చివరికి నిదానంగా తిప్పండి. ఎవరి గురించి? ఏం జరిగింది? చివరికి ఏమైంది? ఈ మూడింటికీ బొమ్మల్లోనే జవాబు దొరికితే ఆ పుస్తకానికి మంచి పునాది ఉన్నట్టు. చదవడం రాని పిల్లలకు మీరు చదువుతున్నంతసేపూ కళ్లముందు ఉండేది బొమ్మే. రేపు ఒంటరిగా పుస్తకం తెరిచి తనకు తానే కథ చెప్పుకునేటప్పుడు ఆధారమూ అదే.

ఇక్కడ గమనించాల్సినవి చాలా ఉన్నాయి, కొంచెం ఆగి చూడాలి.

ఒకటి, మనిషి పోలిక. మూడో పేజీలో పాపకు రెండు జడలు, పదో పేజీలో ఒక జడ ఉందంటే మూడేళ్ల పిల్ల ‘ఈ అమ్మాయి ఎవరు?’ అని ఆపేస్తుంది. బట్టల రంగు, కుక్క మచ్చలు, ఇంటి తలుపు ఏ పక్కన ఉంది, ఇవన్నీ సరిచూసుకోండి. కంప్యూటరుతో తొందరగా చేయించిన బొమ్మల్లో ఈ తప్పులు మరీ ఎక్కువ. చేతి వేళ్లు లెక్కపెట్టండి, కుర్చీకి కాళ్లు ఎన్నో చూడండి, పేజీ పేజీకీ ముఖం మారిపోతోందేమో చూడండి.

రెండు, నడక దిశ. ఎడమ నుంచి కుడికి చదివే భాషల్లో బయల్దేరిన పాత్ర కుడివైపుకు నడుస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపుకు. కారణం లేకుండా ప్రతి పేజీలో దిశ మారుతుంటే పాత్ర వెళుతోందా వస్తోందా అన్నది పిల్లలకు అందదు.

మూడు, మధ్య మడత. జంటపేజీ నిండా పరిచిన బొమ్మలో ముఖం సరిగ్గా మడతలో పడితే ముక్కు మాయమవుతుంది. జిగురుతో అంటించిన పుస్తకాల్లో మడత ఇంకొంచెం ఎక్కువ మింగేస్తుంది. ఫోనులో పేజీల ఫోటోలు చూసినప్పుడు ఈ లోపం అసలు కనబడదు, చేతిలోకి వచ్చాకే తెలుస్తుంది.

నాలుగు, చూపు ఆగే చోటు. పేజీ తెరవగానే మీ కన్ను ముందు ఎక్కడికి పోయిందో గమనించండి. ఆ పేజీలోని వాక్యం చెప్పేది దాని గురించేనా? వాక్యం పిల్లి గురించి, కన్ను మాత్రం వెనకాల ఉన్న ఎర్ర గొడుగు మీదికి పోతోందంటే, రెండేళ్ల పిల్లలు ‘పిల్లి’ అనే మాటను గొడుగుకు అంటించుకునే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలకు పేజీకి ఒక బొమ్మే మేలన్నది ఇందుకే. మూడేళ్లు దాటిన పిల్లల మీద చేసి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఎదురుగా రెండు బొమ్మలు ఉన్నప్పటికన్నా ఒకటే ఉన్నప్పుడు కొత్త మాటలు బాగా పట్టుకున్నారని తేలింది. చదవబోయే పేజీని ముందు చేత్తో చూపిస్తే రెండు బొమ్మల ఇబ్బంది తగ్గిందని కూడా అందులోనే తేలింది. కాబట్టి పుస్తకం మిగతా అన్నిటిలో బాగుండి ఇక్కడ మాత్రం వెనకబడితే వదిలేయనక్కర్లేదు, చదివేటప్పుడు చెయ్యి వాడండి.

రంగులు కళకళలాడటం మంచి బొమ్మకు గుర్తని అనుకోకండి. ఒక్క పెన్సిలు గీతతో బాధపడుతున్న ముఖం పలికించిన పుస్తకం, పదహారు రంగులు పూసినా అన్ని పేజీల్లోనూ ఒకే నవ్వు అతికించిన పుస్తకం కన్నా వంద రెట్లు మేలు. పాత్ర భయపడిన పేజీ, కోపం వచ్చిన పేజీ, సంతోషించిన పేజీ మూడూ తీసి ముఖాలు మాత్రం చూడండి. మూడూ ఒకేలా ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టేయవచ్చు.

3. ఇప్పుడు బొమ్మలు కప్పేసి మాటలు వినండి

పక్కనున్న వాళ్లకు పుస్తకం ఇచ్చి చదవమనండి. మీరు కళ్లు మూసుకుని వినండి. ఎవరూ లేకపోతే మీరే చదివి ఫోనులో రికార్డు చేసి వినండి. బొమ్మ చూస్తూ చదివినప్పుడు మన మనసు లోపాలను పూడ్చేసుకుంటుంది. బొమ్మ లేకుండా వింటే వాక్యం నిజరూపం తెలుస్తుంది.

వినేటప్పుడు మొదట చూడాల్సింది నాలుక తడబడిన చోట్లు. చదివేవాళ్లు ఆగి వెనక్కి వెళ్లిన ప్రతిచోటా పెన్సిలుతో చుక్క పెట్టమనండి. పుస్తకం మొత్తంలో రెండు మూడు చుక్కలైతే పరవాలేదు, ప్రతి పేజీలోనూ పడితే ఆ వాక్యాలు నోటికోసం రాసినవి కావు. ‘వర్షము కురియుచున్నది’ అని రాసిన పుస్తకాన్ని మీరు ఎలాగూ చదివేటప్పుడు ‘వాన పడుతోంది’ అని మార్చుకుంటారు. అలా మార్చుకోవాల్సిన పుస్తకంలో పిల్లలు రెండోసారి అదే వాక్యం వినలేరు, ఎందుకంటే రేపు మీరు ఇంకోలా మారుస్తారు. అనువాదాల్లో ఇంకో రకం ఇబ్బంది: ‘అతడు తన చేతులను తన జేబులలో పెట్టుకున్నాడు’. తెలుగులో ఎవరూ ఇన్నిసార్లు ‘తన’ అనరు. అలాంటి వాక్యాలు నాలుగు కనబడితే మిగతా పుస్తకమూ అంతే ఉంటుంది.

అయితే తెలియని మాట కనబడగానే కష్టమైన పుస్తకం అని కొట్టేయకండి. రోజూ ఇంట్లో వాడని మాటలు వినిపించడం బొమ్మల పుస్తకం చేసే పెద్ద మేలు. 100 బొమ్మల పుస్తకాలను, పెద్దవాళ్లు పిల్లలతో మామూలుగా మాట్లాడే మాటలను పక్కపక్కన పెట్టి చేసిన ఒక పరిశోధన 2015లో వచ్చింది. వేర్వేరు మాటలు పుస్తకాల్లోనే ఎక్కువగా ఉన్నాయని అందులో తేలింది. ‘దూకింది’తో పాటు ‘గెంతింది’, ‘ఎగిరింది’, ‘ఉరికింది’ కూడా ఉన్న పుస్తకం ఎక్కువ ఇస్తుంది. చూడాల్సిందల్లా కొత్త మాట అర్థం బొమ్మలో కనబడుతోందా లేదా అన్నదే. ఒక జంటపేజీకి ఒకటి రెండు కొత్త మాటలు సరిపోతాయి. అయిదారు ఉంటే కథ తెగిపోతుంది.

పాటల పుస్తకమైతే ప్రాస కోసం మాటను మెలితిప్పారేమో వినండి. చప్పట్లు కొడుతూ చదవండి. తాళం తప్పిన చోట పిల్లలు కూడా తప్పుతారు. రెండో చదువుకే పాదం చివరి మాట పిల్లలు అందించగలిగేలా ఉండాలి.

స్టాప్‌వాచ్ ఇక్కడ వాడండి. నిదానంగా, బొమ్మల దగ్గర ఆగుతూ చదివి సమయం రాసుకోండి. రెండేళ్ల లోపు వాళ్లకు మూడు నాలుగు నిమిషాలు, మూడేళ్లకు అయిదారు, అయిదేళ్లకు పది నిమిషాలు అని లెక్క పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. ఒక జంటపేజీ మీద మీరు అరనిమిషానికి మించి ఏకబిగిన చదవాల్సి వస్తోందంటే పిల్లల చెయ్యి పేజీ తిప్పేయడానికి వచ్చేస్తుంది.

4. మాటా బొమ్మా కలిసి ఏం చేస్తున్నాయి?

మొత్తం పోలికలో బరువైన ప్రశ్న ఇదే. మిగతా అన్నిటిలో సమానంగా ఉన్న రెండు పుస్తకాలు ఇక్కడే విడిపోతాయి.

ఒక జంటపేజీ తీసుకోండి. ‘ఎర్ర బంతి మంచం కింద ఉంది’ అని రాసి, మంచం కింద ఎర్ర బంతి గీస్తే మాట, బొమ్మ ఒకటే చెప్పాయి. ఏడాదిన్నర పిల్లలకు పేర్లు నేర్పే పుస్తకంలో అలా ఉండటమే సరైనది. అదే మూడేళ్ల పిల్లల కథలో అయితే ‘బంతి ఎక్కడికి పోయింది?’ అని మాత్రం రాసి, మంచం కింద బంతి అంచు కనబడేలా గీస్తే పిల్లలకు చేయడానికి పని దొరుకుతుంది. పాత్రకు తెలియనిది తమకు తెలిసిపోతుంది, అరిచి చెబుతారు. అక్కడ పుస్తకం గెలిచినట్టు.

ప్రతి జంటపేజీకీ ఒక గుర్తు పెట్టండి. రెండూ ఒకటే చెబితే ‘=’, బొమ్మ అదనంగా ఏదైనా చెబితే ‘+’, బొమ్మ మాటకు విరుద్ధంగా ఉంటే ‘×’. విరుద్ధంగా ఉన్నవి కావాలని చేసిన చిలిపి పనులో, పొరపాటో చూడండి. మాటల్లో రాత్రి, బొమ్మలో ఎండ అయితే పొరపాటే. మూడేళ్లు దాటిన పిల్లల కథలో కనీసం సగం ‘+’లు ఉండాలి. అన్నీ ‘=’ అయితే ఆ పుస్తకం నాలుగుసార్లకు పాతబడుతుంది, ఎందుకంటే అయిదోసారి వెతకడానికి ఏమీ మిగలదు.

పేజీ తిప్పే క్షణం కూడా ఇక్కడే పరీక్షించండి. కుడి పేజీ చివరి వాక్యం చదివి ఆగండి. తర్వాత ఏమవుతుందో అడగాలనిపిస్తోందా? ప్రశ్న కుడి పేజీలో, జవాబు తిప్పాక ఉండాలి. ప్రశ్న ఎడమ పేజీలో వేసి జవాబు బొమ్మ కుడి పేజీలోనే పెడితే, మీరు ప్రశ్న చదివేలోపే పిల్లల కన్ను జవాబు చూసేసి ఉంటుంది. 12 మలుపుల్లో నాలుగైదు చోట్ల చెయ్యి ఉరకలేస్తే అది తెలిసినవాళ్లు చేసిన పుస్తకం.

చివరి జంటపేజీ చూడండి. కథ అయిపోయాక ‘కాబట్టి పిల్లలూ, అబద్ధం ఆడకూడదు’ అని పెట్టిన పుస్తకం, తన కథ మీద తనకే నమ్మకం లేని పుస్తకం. కథలో అది తెలిసిపోతే ఆ వాక్యం అనవసరం, తెలియకపోతే ఆ వాక్యం వల్ల లాభం లేదు.

5. నేర్పే పుస్తకాల్లో తప్పులు వెతకండి

అంకెల పుస్తకం అయితే ప్రతి పేజీలోనూ మీరే వేలు పెట్టి లెక్కపెట్టండి. 7 చేపలు అని రాసి, ఏడో చేప సగం పేజీ అంచు బయటికి పోతే పిల్లలు ఆరే అంటారు, వాళ్లదే సరైన లెక్క. ఒకదాని మీద ఒకటి పడిన బొమ్మలు, వెనకాల అలంకారానికి వేసిన అదనపు చేపలు, ఇవన్నీ లెక్క చెడగొడతాయి. పిల్లల వేలు పట్టేంత ఎడంగా ఉన్నాయో లేదో కూడా చూడండి.

రంగుల పుస్తకంలో ఎర్ర టమాటా, పసుపు అరటిపండు, పచ్చ ఆకు పెడితే పిల్లలు చెప్పేవి వస్తువుల పేర్లే. ఒకే బంతిని ఎరుపులో, పసుపులో, ఆకుపచ్చలో చూపించిన పుస్తకంలో మారేది రంగు ఒక్కటే కాబట్టి మాట దానికే అంటుకుంటుంది. పెద్ద-చిన్న చెప్పడానికి ఏనుగు-ఎలుక కన్నా పెద్ద బంతి-చిన్న బంతి మేలు, అదే కారణం.

అక్షరాల పుస్తకాలు పోల్చేటప్పుడు కష్టమైన అక్షరాల పేజీలు ముందు తెరవండి. అ, ఆ అందరూ బాగానే వేస్తారు. ‘ఋ’ దగ్గర ఋషి బొమ్మ చూసి పిల్లలు ‘తాత’ అంటారు, ‘ఔ’ దగ్గర ఔషధం చూసి ‘సీసా’ అంటారు. బొమ్మ చూడగానే నోటికి వచ్చే మాటే అక్షరానికి ఉదాహరణ కావాలి. ‘ణ’, ‘ళ’తో తెలుగు మాటలు మొదలుకావు. నిజాయితీ ఉన్న పుస్తకం వీణ, తాళం అని మాట లోపలి అక్షరాన్ని రంగు మార్చి చూపిస్తుంది. బలవంతంగా మాట పుట్టించిన పుస్తకం మిగతా చోట్ల కూడా అలాగే చేసి ఉంటుంది. ప, వ, మ, య లాంటి పోలిక ఉన్న అక్షరాల అచ్చు పక్కపక్కన చూడండి. అలంకారపు ఫాంటుల్లో తలకట్టు, ఒత్తు కలిసిపోతాయి. పుస్తకాన్ని చేయి చాచినంత దూరంలో పెట్టి ఒత్తులు విడిగా కనబడుతున్నాయో లేదో చూస్తే చాలు.

సమాచారం ఇచ్చే పుస్తకంలో మీకు బాగా తెలిసిన రెండు విషయాలు సరిచూడండి. సాలెపురుగుకు 8 కాళ్లు, కీటకాలకు 6, ఆ ఆరూ మధ్యభాగం నుంచే మొదలవ్వాలి. ఇంద్రధనుస్సులో ఎరుపు బయటి అంచున, ఊదా లోపల. నెలవంక ఒంపులో నక్షత్రం గీస్తే తప్పు, అక్కడ చంద్రుడి చీకటి భాగం అడ్డంగా ఉంటుంది. ధ్రువపు ఎలుగుబంటి, పెంగ్విన్ ఒకే మంచుగడ్డ మీద నిలబడితే కూడా తప్పే. మొదటిది ఉత్తరాన ఉంటుంది, పెంగ్విన్లు దాదాపు అన్నీ దక్షిణార్ధగోళంలో. రెండు తప్పులు దొరికితే మీకు తెలియని విషయాల్లో ఇంకెన్ని ఉన్నాయో ఊహించుకోండి.

రెండేళ్ల లోపు పిల్లలకు ఫోటోలా, గీసిన బొమ్మలా అని చాలామంది అడుగుతారు. 2008లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 15, 18 నెలల పిల్లలు పుస్తకంలో చూసినదాన్ని నిజం వస్తువుతో పోల్చుకోవడం ఫోటోలతో, నిజానికి దగ్గరగా గీసిన బొమ్మలతో తేలికైంది, కార్టూన్లతో కష్టమైంది. కాబట్టి పేర్లు నేర్పే పుస్తకంలో నిజంలా ఉన్న బొమ్మకే ఓటు. కథల్లో ఈ నియమం పట్టుకోనక్కర్లేదు.

తలుపులు తెరిచేవి, లాగేవి, పైకి లేచే బొమ్మలు ఉన్న పుస్తకాలు పిల్లలను బాగా కూర్చోబెడతాయి. కానీ మూడేళ్ల లోపు పిల్లల మీద చేసిన 2010 నాటి పరిశోధనలో, అలాంటి హంగులు ఉన్న పుస్తకం నుంచి నేర్చుకున్నది మామూలు పుస్తకం నుంచి నేర్చుకున్నదాని కన్నా తక్కువగా తేలింది. ధ్యాస అంతా వేళ్ల మీదికి పోతుంది. ఆటకైతే తీసుకోండి, మాటలు నేర్పడానికైతే సాదా పుస్తకం.

6. పుస్తకం ఒళ్లు చూడండి

రెండు పుస్తకాలనూ టేబుల్ మీద మధ్యకు తెరిచి చేతులు తీసేయండి. తెరిచినది తెరిచినట్టే పడుకుంటే ఒడిలో పిల్లను పెట్టుకుని ఒక చేత్తో చదవొచ్చు. గట్టిగా మూసుకుపోతే ప్రతి పేజీనీ పట్టుకునే ఉండాలి, అలా నొక్కీ నొక్కీ జిగురు ఊడి పేజీలు విడిగా వచ్చేస్తాయి. వెన్ను వైపు పైనుంచి చూడండి. కాగితాలు చిన్న చిన్న కట్టలుగా మడిచి దారంతో కుట్టి ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది. విడి కాగితాలకు జిగురు పూసినది అయితే పేజీలు అంతకన్నా ముందే ఊడతాయి. పిన్నులు కొట్టిన పుస్తకమైతే పిన్ను కొసలు లోపలికి మడిచి ఉన్నాయో లేదో వేలితో తడమండి. నోట్లో పెట్టుకునే వయసుకు పిన్నుల పుస్తకం వద్దు.

టేబుల్ లైటు కింద పుస్తకాన్ని కొంచెం వంచి పట్టుకోండి. నిగనిగలాడే కాగితం మీద దీపం మెరుపు పడి బొమ్మ సగం కనబడదు. నిద్రకు ముందు చదివే పుస్తకానికి మెరుపు లేని కాగితమే మంచిది.

గట్టి అట్టల పుస్తకంలో మూలలు గుండ్రంగా ఉండాలి. అట్ట పొరలు అంచుల దగ్గర విడిపోతున్నాయేమో గోటితో నెమ్మదిగా లేపి చూడండి. విడిపోతే చొంగ తగిలిన వారానికే ఉబ్బుతుంది. మొహం దగ్గర పెట్టుకుని వాసన చూడండి, రంగో జిగురో ఘాటుగా కొడుతుంటే వదిలేయండి. గుండీలు, కళ్లు, గంటలు లాంటి అతికించిన వస్తువులు ఉంటే గట్టిగా లాగండి. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేదేదైనా గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నట్టే.

శబ్దం చేసే పుస్తకాల విషయంలో మొహమాటం వద్దు. వెనకాల బ్యాటరీ మూతకు స్క్రూ లేకపోతే అది ఎంత బాగున్నా కొనకండి. బిళ్లలా ఉండే బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

7. పిల్లలతో పరీక్ష

ఇక్కడిదాకా మీ తీర్పు. ఇప్పుడు చదివించుకునే వాళ్ల తీర్పు.

రెండు పుస్తకాలనూ ఒకే కూర్చోవడంలో చదవద్దు. మొదటిదానికి కొత్తదనం కలిసొస్తుంది, రెండోదానికి అలసట అంటుకుంటుంది. ఈరోజు ఒకటి, రేపు అదే సమయానికి రెండోది, చదివేది ఒకే మనిషి. ఇలా ఒక్కోదాన్ని మూడుసార్లు చదవండి, అంటే ఆరు రోజులు. ఒక్కసారికి తేల్చేయవద్దు. మొదటిసారి పిల్లల ధ్యాస ఎక్కువగా బొమ్మల మీదే ఉండొచ్చు. మూడేళ్ల పిల్లలతో చేసిన పరిశోధన ఒకటి 2011లో ప్రచురితమైంది. వేర్వేరు కథల్లో కొత్త మాటలు విన్నవాళ్ల కన్నా, ఒకే కథ మళ్లీ మళ్లీ విన్నవాళ్లు అవే మాటలను బాగా గుర్తుంచుకున్నారు.

చదివేటప్పుడు కాగితం మీద గీతలు పెట్టుకోండి: వేలు పెట్టి చూపించినప్పుడు ఒకటి, మాట కలిపినప్పుడు ఒకటి, వెనక పేజీకి తిప్పినప్పుడు ఒకటి, లేచి పోయినప్పుడు ఏ పేజీలో లేచారో. వెనక్కి తిప్పడాన్ని ఎక్కువగా లెక్కలోకి తీసుకోండి. ముందు చూసినదానికీ ఇప్పుడు చూసినదానికీ లంకె దొరికితేనే పిల్లలు వెనక్కి వెళతారు.

మీరు అడిగే ప్రశ్నలు రెండు పుస్తకాలకూ సమానంగా ఉండాలి. ఒకదానికి గొంతు మార్చి నటించి, రెండోదాన్ని వార్తల్లా చదివితే గెలిచింది మీ గొంతే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ఒక అధ్యయనం ప్రచురించింది. రెండేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ‘ఇది ఏమిటి?’, ‘ఇప్పుడేం చేస్తోంది?’ అని అడగడం, పిల్లలు చెప్పినదానికి ఇంకో మాట చేర్చి తిరిగి చెప్పడం నేర్పారు. నాలుగు వారాలకే ఆ పిల్లలు మాటల్లో ముందుకు వెళ్లారు. కాబట్టి జంటపేజీకి ఒక ప్రశ్న చొప్పున రెండింటికీ అడిగి చూడండి. ఏ పుస్తకంలో ప్రశ్న తేలిగ్గా పుడుతోందో మీకే తెలుస్తుంది. పేజీ చూసి అడగడానికి ఏమీ తోచలేదంటే ఆ బొమ్మలో ఏమీ లేదన్నమాట.

‘నచ్చిందా?’ అని అడగవద్దు. పిల్లలు మీ ముఖం చూసి అవునంటారు. ఏడో రోజు రెండింటినీ నేల మీద, పక్కపక్కన, చేతికి అందేలా పెట్టి మీ పని మీరు చూసుకోండి. ఏది తెచ్చి ఒడిలో పెడతారో చూడండి. మర్నాడు చోట్లు మార్చి మళ్లీ పెట్టండి, కుడిచేతి వైపు ఉన్నదే తెచ్చారేమో తేలిపోతుంది.

8. తేల్చడం

మార్కులు వేసి కూడవద్దు. భద్రత, తప్పుల్లేకపోవడం, ఈ రెండూ గడప లాంటివి. దాటకపోతే మిగతావి ఎంత బాగున్నా ఆ పుస్తకం లోపలికి రాదు. దాటిన వాటిలో నాలుగో మెట్టులోని ‘+’లకు, ఏడో మెట్టులోని వెనక్కి తిప్పడాలకు మొదటి స్థానం ఇవ్వండి. మాటలు కొంచెం బరువుగా ఉన్నా బొమ్మలు బలంగా ఉంటే మాట మార్చి నెట్టుకురావచ్చు. బొమ్మలు బలహీనంగా ఉంటే మీరు చేయగలిగింది లేదు.

ఒక్క పుస్తకంలో కనబడనిది ఇంటి అలమర మొత్తం చూస్తే కనబడుతుంది. ఉన్న పుస్తకాలన్నీ పరిచి, ప్రతి కథలోనూ చిక్కు విప్పింది ఎవరో రాయండి. అన్నీ అబ్బాయిలే అయితే, అన్నీ తెల్లటి ముఖాలే అయితే, కళ్లజోడో చక్రాల కుర్చీయో ఉన్న పిల్ల ఎక్కడా లేకపోతే, సమానంగా నిలిచిన రెండు పుస్తకాల్లో ఆ లోటు తీర్చేదాన్ని తీసుకోండి.

పుస్తకం చేతిలోకి రాకుండా ఆన్‌లైన్‌లో ఎంచుకోవాల్సి వస్తే అట్ట బొమ్మను వదిలేసి లోపలి పేజీల నమూనాలు అడగండి. కనీసం రెండు జంటపేజీలు, అవి కూడా మధ్యలోవి. పేజీల సంఖ్య, బైండింగ్ రకం, పొడవు వెడల్పులు చదివి, ఆ కొలతలకు పాత పేపరు మీద దీర్ఘచతురస్రం గీసుకోండి. తెర మీద పెద్దగా కనబడిన పుస్తకం అరచేయంతే ఉండొచ్చు. అనువాదమైతే అనువాదకుల పేరు వేశారో లేదో చూడండి. పుస్తకం రాగానే మొదటి పేజీ నుంచి చివరిదాకా మీరొక్కరే ఒకసారి తిప్పండి. అచ్చు మడతలు కట్టేటప్పుడు 8 పేజీలు గానీ 16 పేజీలు గానీ మొత్తంగా తప్పిపోవడం, ఉన్నవే రెండుసార్లు రావడం, తలకిందులుగా పడటం జరుగుతుంటాయి. అలా ఉంటే పిల్లల కంట పడకముందే మార్చుకోండి.